గడప దాటిన నిప్పు

బకెట్ ఖాళీగానే తిరిగి తెచ్చాను. సందు అవతలి డీలియా నిప్పు ఇవ్వదని దారిలోనే తెలుసు నాకు, అయినా వెళ్లాను, గుమ్మంలో నిలబడి అడిగాను, లేదనిపించుకున్నాను, పిడి కీచుకీచుమంటుంటే సందు వెంట నడిచి వచ్చేశాను. ఇప్పుడు బకెట్ ఇక్కడ, నేనిక్కడ, మా ఇద్దరికీ ఎదురుగా, ఈ పొద్దుటిదాకా పొయ్యి గూడు ఉన్న చోట, ఈ నల్ల ఇనుప స్టవ్ కొత్త అల్లుడిలా బిగుసుకుని కూర్చుని ఉంది. ఇందాక యూనా ఫోన్ చేసింది, అమ్మా, నాన్నని ఇంటికి పంపేశారు, బయల్దేరుతున్నాం అని. పట్నం ఆసుపత్రి నుంచి మా ఊరికి గంట ప్రయాణం. గంటలో మా ఆయన ఫెస్టస్ ఆ తలుపు తోసుకుని లోపలికొస్తాడు, నిమోనియా తగ్గీతగ్గని ఊపిరితిత్తులు వేసుకుని. మే నెల అన్న మాటే గాని సముద్రం మీంచి వచ్చే గాలికి క్యాలెండర్ తెలియదు, కిటికీ సందుల్లోంచి దూరి నా మడమలు కొరుకుతోంది. ఇంట్లో నిప్పు లేదు. ఈ మాట మనసులో అనుకోవడం కూడా ఇదే మొదటిసారి, ఇంట్లో నిప్పు లేదు, ఇంకోసారి అనుకుంటే అలవాటవుతుందేమోనని అనుకున్నాను, అవలేదు.

నిప్పు లేదంటే మామూలు నిప్పు కాదు. అది అగ్గిపుల్ల ఎరగని నిప్పు. ఇంటికొచ్చిన ప్రతివాడికీ ఫెస్టస్ ఆ మాట చెబుతాడు, పాలవాడికి చెప్పాడు, కరెంటు మీటరు చూసేవాడికి చెప్పాడు, దారి తప్పి వచ్చిన జర్మనీ యాత్రికులకి చేతులు తిప్పి చెప్పాడు, చెప్పేటప్పుడు గొంతు ఒక మెట్టు పైకెక్కుతుంది. వాళ్ల నాయనమ్మకి తల్లి, కొండమీది ఇల్లు జమీందారు కూలగొట్టించినప్పుడు, పిల్లల్ని నడిపించుకుంటూ ఇనుప కుండలో మోసుకొచ్చిన నిప్పట అది. అప్పటి నుంచి ఆరలేదు. రాత్రి పడుకోబోయే ముందు కణికల్ని మూడు కుప్పలు చేసి, మెత్తటి బూడిద కప్పి, బ్రిజిత్ మాతా, ఈ ఇంటినీ ఇంట్లో వాళ్లనీ తెల్లవారేదాకా నువ్వే కాచుకో అని ఒక్క మాట అనుకుని దీపం తీస్తారు. పొద్దున నివురు ఊది, ఎర్రగా కన్ను తెరవగానే, ఊబినేలలో కోసి ఎండబెట్టిన టర్ఫ్ మట్టి పెళ్లలు నాలుగు ఆనించి నిలబెడతారు. అంతే, మళ్లీ రోజు మొదలు. పెళ్లికీ చావుకీ ఇదే నిప్పు, యూనా పుట్టినప్పుడు నీళ్లు కాగింది దీనిమీదే, మా అత్త పోయినప్పుడు చుట్టాలందరికీ టీ మరిగింది దీనిమీదే. నాకు తెలిసి ఈ ఇంట్లో అందరికన్నా పెద్ద వయసు దానిదే, అందరికన్నా ఎక్కువ మర్యాద కూడా.

మా అత్త సబీనా. ఆవిడని తలచుకుంటే మొహం కన్నా ముందు చెయ్యి గుర్తొస్తుంది, చేతిలో పట్టకారు. మా వైపు కొత్త కోడలు గడప దాటి లోపలికి రాగానే అత్తగారు పొయ్యి పక్కనున్న పట్టకారు తీసి చేతిలో పెడుతుంది, ఇకమీదట ఈ పొయ్యి నీది అని. మా అక్కకి పెట్టారు, డీలియాకి పెట్టారు, మా అమ్మకి ఎప్పుడో పెట్టారు. నేను వచ్చిన రోజు జోరున వాన. సబీనా అత్త గుమ్మం దాకా వచ్చింది, తడిసిన నా కోటు విప్పించింది, మంచి కప్పులో టీ పోసింది, సోడా రొట్టె కోసి వెన్న మందంగా పూసింది, ఏ లోటూ చెయ్యలేదు. పట్టకారు మాత్రం ఆవిడ కుర్చీకి ఆనుకుని అలాగే ఉంది. నేను టీ తాగుతూ దానివంక చూశాను, ఆవిడ నావంక చూసింది. ఇవాళ హడావిడిలో మరిచిపోయింది, రేపిస్తుందిలే అనుకున్నాను, పండక్కి ఇస్తుందిలే, యూనా పుట్టాక ఇస్తుందిలే. ఆఖరికి మంచం పట్టి, ఫాదర్ గారు వచ్చి ప్రార్థన ముగించాక, పట్టకారు తెమ్మంది. తెచ్చాను, నేనే తెచ్చాను, రెండు చేతులతో. తీసుకుని, ఇటు కాదు అటు తిరిగి, కొడుకు చేతిలో పెట్టింది. నేను గిన్నె పట్టుకుని పక్కనే నిలబడ్డాను. అత్త లేని కోడలు ఉత్తమురాలంటారు, నాకా యోగం కూడా పట్టలేదు, అత్త పోయినా ఆవిడ పొయ్యి ఇంట్లోనే ఉండిపోయింది కాబట్టి. ఆ రోజు నుంచి నివురు కప్పేది ఫెస్టస్. నేను టర్ఫ్ మోస్తాను, బూడిద ఎత్తుతాను, గచ్చు తుడుస్తాను. నిప్పు జోలికి వెళ్లను.

ఒక్కటి ఒప్పుకోవాలి, ఆ పొయ్యి వల్ల నాకో మేలు జరిగింది. ఎప్పుడైనా ఏడవొచ్చు, ఎవరూ అడగరు. గాలి పడమటి నుంచి తిరిగితే పొగ వెనక్కి తన్ని గదంతా కమ్మేసేది, అందరం కళ్లు తుడుచుకునేవాళ్లం, ఎవరివి పొగ కన్నీళ్లో ఎవరివి సొంతమో తేడా ఉండేది కాదు. మా అమ్మ పోయిన ఏడాదంతా నేను అలాగే నెట్టుకొచ్చాను. ఏమ్మా అంటే పొగే అనేదాన్ని. కర్టెన్లు పొగ, దుప్పట్లు పొగ, రొట్టె పొగ. యూనా చిన్నప్పుడు బడిలో పిల్లలు దాన్ని ఎండుచేప అని పిలిచేవాళ్లని పెద్దయ్యాక చెప్పింది, నవ్వుతూనే చెప్పింది గాని నాకు నవ్వు రాలేదు. గోడమీది ఏసు తిరుహృదయ పటం ఏటేటా నల్లబడుతూ వచ్చింది, దాని కింద వెలిగే చిన్న ఎర్రదీపం లేకపోతే అక్కడ దేవుడున్నాడని తెలిసేది కాదు. ఇక ఫెస్టస్ కుర్చీ సరిగ్గా పొయ్యి మూలలో, పొగ ముందు ఆయన్ని పలకరించి తరవాత చిమ్నీ ఎక్కేది. దగ్గు కూడా అలాగే వచ్చి చేరింది ఇంట్లోకి, మొదట చుట్టంలా, తరవాత ఇంట్లో మనిషిలా. పొద్దున ఆయన లేచాడని నాకు తెలిసేది ఆ దగ్గుతోనే. బయటి నుంచి వచ్చి గడపలో కాలు పెట్టగానే దగ్గు, కుర్చీలో కూర్చోగానే దగ్గు, రాత్రి పట్టకారు పట్టుకుని వంగి బ్రిజిత్ మాతా అనబోతే ఆ పేరుకీ మాతకీ మధ్య దగ్గు.

మార్చిలో ఒక మధ్యాహ్నం కుర్చీలో కూర్చున్నవాడు కూర్చున్నట్టే ఉండిపోయాడు, పెదాలు నీలంగా తిరిగాయి. దగ్గు లేదు, అదే నన్ను భయపెట్టింది, వంటగదిలోంచి పరిగెత్తుకొచ్చాను, ఎందుకు దగ్గడం లేదని. అంబులెన్స్ మా సందు కనుక్కోలేక రెండుసార్లు ఊరు చుట్టొచ్చింది. తరవాత డాక్టరమ్మ, చిన్నపిల్ల, మా యూనా కన్నా చిన్నది, ఎక్స్‌రే వెలుతురుకి పెట్టి ఇంట్లో ఏం కాలుస్తారని అడిగింది. చెప్పాం. పొయ్యికి తలుపుందా అంది. లేదన్నాం. పొయ్యికి తలుపేమిటని ఫెస్టస్ నవ్వబోయి దగ్గాడు. ఆ అమ్మాయి ఆగి, దగ్గు అయ్యేదాకా ఆగి, మెల్లిగానే చెప్పింది. "ఇంట్లో ఆ పొయ్యన్నా ఉండాలి, ఈయనన్నా ఉండాలి. రెండూ కుదరవు." ఫెస్టస్ ఒక్క క్షణం ఆలోచించలేదు. "అయితే పొయ్యే ఉంటుందమ్మా," అన్నాడు, "దానికన్నా నేను చిన్నవాణ్ణి." తమాషాకి అన్నాడేమోనని మొహంలోకి చూశాను. తమాషా కాదు. నాకు ఒళ్లంతా మండిపోయింది, ఆ డాక్టరమ్మ ముందే చెయ్యి చేసుకునేదాన్ని, ముక్కుకి ఆక్సిజన్ గొట్టం ఉంది కాబట్టి బతికిపోయాడు. తరవాత మేమిద్దరమే ఉన్నప్పుడు అడిగితే, నేను పోయాక నీకు నచ్చింది పెట్టుకో, నేనున్నంతకాలం అమ్మ నిప్పు ఆరదు అన్నాడు, గోడవైపు తిరిగి పడుకున్నాడు. మరి నా సంగతేంటి అని నేను అడగలేదు. అడిగితే ఏం చెబుతాడోనని అడగలేదు.

ఏప్రిల్లో కాస్త కోలుకుని ఇంటికొచ్చి, మళ్లీ పొయ్యి మూల చేరి, మళ్లీ ఆసుపత్రి. ఈసారి అంబులెన్స్ దారి మరిచిపోలేదు. అది వెళ్లిపోయాక నేను సందులో నిలబడి, యూనాకి ఫోన్ చేసి, నాన్న తిరిగొచ్చేసరికి ఆ గూడు ఉండకూడదు అన్నాను.  నాన్న ఊరుకుంటాడా అంది అది. ఊరుకోకపోతే అరవనీ, అరవడానికి ఊపిరుంటే చాలు నాకు అన్నాను. స్టవ్‌లు బిగించే జార్లత్‌ని మాట్లాడింది యూనాయే. మంగళవారం వస్తానన్నవాడు, సోమవారం సెలవు కలిసిందనో ఏదో, శుక్రవారమే వచ్చేస్తానన్నాడు. ఆసుపత్రివాళ్లు కూడా సెలవుల ముందే మంచాలు ఖాళీ చేసుకోవాలని శుక్రవారమే పంపుతామన్నారు. అన్నీ ఒకే రోజు కుదిరాయని దేవుడికి దండం పెట్టుకున్నాను. శుక్రవారం తేదీ ఎంతో చూసుకోలేదు. చూసుకోవాల్సింది.

నిప్పు ఆర్పాలని మాత్రం నాకు ఎప్పుడూ లేదు, పొయ్యి మారాలి గాని నిప్పు పోవాలని ఎవరన్నారు. జార్లత్ చిమ్నీ చల్లారి ఉండాలన్నాడు. సరే, తెల్లవారగానే నివురు తీసి, కణికలన్నీ బూడిదతో సహా బకెట్లోకెత్తి, సందు దాటి డీలియా ఇంటికి మోసుకెళ్లాను. అది వరసకి ఫెస్టస్‌కి చెల్లెలు, ఇంత వయసొచ్చినా నన్ను వదినా అనే పిలుస్తుంది. మాట్లాడకుండా తన పొయ్యిలో ఒక పక్కగా నా కణికల్ని పోసి బూడిద కప్పింది, సాయంత్రం వచ్చి తీసుకెళ్లు వదినా అంది. ఇద్దరం ఆనందంగా టీ కూడా తాగాం. జార్లత్ వచ్చి గూడులో కుండలు తగిలించే ఇనుప చెయ్యి కోసేశాడు, చిమ్నీలో కొత్త గొట్టం దింపాడు, సందులన్నిటికీ సిమెంటు పూశాడు, ఇంట్లో ఎన్ని తరాల మసి ఉందో అంతా నా గచ్చు మీదికి దిగింది. పట్టకారు ఎత్తి చూపించి, ఇది పారెయ్యనా పెద్దమ్మా, స్టవ్ తలుపులో ఇది దూరదు, పొడుగెక్కువ అన్నాడు. పారెయ్యొద్దని చెప్పి మేకుకి తగిలించాను. అన్నీ సర్దుకుని వ్యాను ఎక్కుతూ, మే డే నాడు పనేంట్రా అని మా అమ్మ పొద్దున్నే తిట్టింది పెద్దమ్మా అని నవ్వాడు. నేను కూడా నవ్వాను. వ్యాను మలుపు తిరిగాక నవ్వు ఆగింది.

మే ఒకటి. మే ఒకటిన ఇంట్లోంచి నిప్పు బయటికి పోకూడదు. పాలు పోకూడదు, ఉప్పు పోకూడదు, బూడిద కూడా పోకూడదు, అన్నిటికన్నా ముందు నిప్పు. పోతే ఇంటి అదృష్టం దాని వెనకే పోతుంది, ఇంట్లో జబ్బు మనిషి ఉంటే ఆ మనిషి కూడా దాని వెనకే పోతాడు. నాలుగేళ్ల పిల్లనడిగినా చెబుతుంది మా ఊళ్లో. పొరుగింటివాడు ఆ రోజు చుట్ట అంటించుకుని బయటికి నడిస్తే వెనక్కి పిలిచి ఆర్పించిన ఊరు మాది. అలాంటి రోజున నేను, నా రెండు చేతులతో, ఇంటి నిప్పంతా, ఒక్క కణిక కూడా మిగల్చకుండా, బూడిదతో సహా, బకెట్లో పోసుకుని గడప దాటించాను. ఎవరూ ఎత్తుకుపోలేదు, నేనే మోశాను. దయ్యాలకి కూడా నవ్వొచ్చి ఉంటుంది, ఇంత సులువుగా ఎవరిస్తారు వాటికి. బకెట్ పట్టుకుని పరిగెత్తాను, అన్నీ మళ్లీ లోపలికి తెచ్చేసుకుంటే చెల్లుకి చెల్లు అనుకుంటూ. డీలియా అప్పటికే గుమ్మంలో ఉంది, ఒక చెయ్యి తలుపు చట్రానికి ఆనించి. దానికీ గుర్తొచ్చినట్టుంది, మొహం పాలిపోయింది.

"నీ నిప్పు భద్రంగా ఉంది వదినా," అంది. "కానీ ఇవాళ మా గడప దాటదు. రేపు పొద్దున రా, బకెట్ నిండా ఇస్తాను."

మరి పొద్దున నా గడప దాటిందే అన్నాను. అది నువ్వు చూసుకోవాల్సింది అంది, వెంటనే నొచ్చుకుంది, దాని కళ్లల్లో నీళ్లు తిరిగాయి. మనవరాలికి నెలలు నిండాయి వదినా, ఇవాళో రేపో అన్నట్టుంది, ఎలా ఇవ్వను అంది.  దాని చోట నేనున్నా చట్రం వదిలేదాన్ని కాదు. వెళ్లిపోతుంటే వెనక నుంచి పిలిచి, వదినా, జబ్బు మనిషి ఇంట్లో ఉంటేనే కదా దోషం, ఫెస్టస్ అన్న ఆసుపత్రిలో ఉన్నాడుగా, లెక్కలోకి రాదులే అంది. ఫాదర్ గారికి కూడా తట్టని కిటుకు. దారంతా అదే పట్టుకుని నడిచాను, ఆసుపత్రిలో ఉన్నాడుగా, ఆసుపత్రిలో ఉన్నాడుగా. ఇంటికొచ్చేసరికి ఫోన్ మోగుతోంది, యూనా, నాన్నని పంపేశారమ్మా అని.

కాబట్టి ఇప్పుడు నా ముందున్నవి రెండే. స్టవ్ చల్లగా వదిలేసి, ఆ ఊపిరితిత్తుల మనిషిని కోటు విప్పకుండా కూర్చోబెట్టి, రేపు పొద్దుటి దాకా డీలియా కోసం ఆగడం. లేదా ఆ అల్మరాలో దీపం కోసం ఉంచిన అగ్గిపెట్టె. అగ్గిపుల్ల ఎరగని నిప్పు అని జర్మనీ వాళ్లకి చేతులు తిప్పి చెప్పిన మనిషి, ఆయన గొంతులో ఆ మెట్టు, దాన్ని నేను తీసేస్తాను. పొయ్యి తీసేశాను, ఇప్పుడు ఆ మాట కూడా తీసేస్తాను. అబద్ధం చెప్పొచ్చు, డీలియా ఇచ్చిందని చెప్పొచ్చు, కానీ మే ఒకటిన డీలియా నిప్పిచ్చిందంటే మా గొర్రెలు కూడా నమ్మవు. నేను పోయాక నీకు నచ్చింది పెట్టుకో అన్నాడు. ఆ గోడవైపు తిరిగిన వీపు. దానికన్నా నేను చిన్నవాణ్ణి. నువ్వు చిన్నవాడివైతే నేనెవర్ని, నలభై ఏళ్లు నీ అమ్మ పొయ్యికి మట్టి మోసిన దాన్ని, నాకు నువ్వు కావాలి, నిప్పెందుకు. ఈ మాట అప్పుడు ఆసుపత్రిలో అనాల్సింది. ఇప్పుడు ఇనుప డబ్బాతో అంటున్నాను.

మోకాళ్ల మీద కూర్చున్నాను. సన్న పుల్లలు అడ్డంగా, నిలువుగా, పైన పొడిగా ఉన్న టర్ఫ్ మూడు ముక్కలు చిదిపి, చిన్న మంటే పెట్టు పెద్దమ్మా అని జార్లత్ చెప్పాడు కాబట్టి చిన్నగానే. మొదటి అగ్గిపుల్ల విరిగింది. రెండోది వెలిగి, లోపల పెట్టాలా వద్దా అని నేను ఆలోచిస్తుండగానే నా వేలిదాకా వచ్చి ఆరింది. ఇంట్లో ఎవరూ లేరు, అయినా వెనక్కి చూశాను. సబీనా అత్త కుర్చీ ఖాళీ. మూడోది అంటించాను, పెట్టేశాను, అయిపోయింది. ఏమీ కూలలేదు. పొగ మాత్రం గుప్పుమని నా మొహానే వచ్చింది, అయ్యో అన్నాను, ఇదెక్కడి ఖర్మ, ఇంత చేసి ఇది కూడా వెనక్కే తంతుందా, తలుపు మూశాను, కింద గాలి మీట మూసి ఉందని అప్పుడు చూసుకుని లాగాను. లోపల ఏదో ఊపిరి తీసుకుంది. నిజంగా ఊపిరే, హూ అని, పొడుగ్గా. పొగ గిర్రున తిరిగి పైకి పోయింది, అద్దం వెనక పసుపుగా మంట లేచింది, గదిలో ఇంక ఏమీ లేదు, వెచ్చదనం తప్ప. అలాగే కూర్చుండిపోయాను. కర్టెన్లకి పొగ వాసన ఉంది గాని గాలికి లేదు. ముక్కుకి ఇంకేదో తగిలింది, ఏమిటా అని చూస్తే సబ్బు, పొద్దున గచ్చు కడిగిన సబ్బు. నా ఇంటి సబ్బు వాసన నాకు ఇంతకాలం తెలియదు. నవ్వొచ్చింది, ఒక్కదాన్నే నవ్వుకున్నాను.

లేచి బయటికి వచ్చాను చిమ్నీ చూద్దామని. పలచగా, కుట్టుదారంలా, తిన్నగా పైకి పోతోంది పొగ. గడప చూస్తే బోసిగా ఉంది. నిన్న సాయంత్రమే పసుపుపచ్చ పూలు తెచ్చి గడప మీద చల్లాల్సింది, మే నెల పూలు చల్లితే చెడు లోపలికి రాదని, ఏటా చల్లుతాను, ఈ ఏడు అదీ మరిచాను. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టే, అయినా కాలవ గట్టుకి దిగి, మోకాళ్ల దాకా బురద చేసుకుని, దోసెడు పూలు కోసుకొచ్చి గడప నిండా పోశాను. చల్లడం కాదు, పోశాను. గంట దాటిందా. దాటినట్టే ఉంది, నీడ గోడ దాకా వచ్చింది. యూనా నెమ్మదిగా నడుపుతుంది. కనుమ దగ్గర రోడ్డు మీద గొర్రెలుంటాయి. కనుమలో ఫోన్ పలకదు, అందుకే పలకడం లేదు. ఇంకోసారి చేశాను, పలకలేదు. డీలియా కిటుకు గుర్తొచ్చింది, ఆసుపత్రిలో ఉన్నాడుగా లెక్కలోకి రాదు, కానీ ఇప్పుడు ఆసుపత్రిలో లేడు, ఇంట్లోనూ లేడు, కనుమలో ఉన్నాడు, కనుమలో ఉన్నవాడు ఏ లెక్కలోకి వస్తాడు. బ్రిజిత్ మాతా, అన్నీ నావే, బకెట్ నాది, అగ్గిపుల్ల నాది, ఆయన మీద పెట్టకు. గొంతు విప్పి అన్నానేమో, పక్క పొలంలో గాడిద తలెత్తి చూసింది.

మలుపులో కారు కనిపించింది. ముందు సీట్లో యూనా తల ఒక్కటే కనిపించింది. పక్కన ఎవరూ లేరు. వెనక ఎవరూ లేరు. కారు ఆగిందో లేదో, యూనా దిగిందో లేదో, నేను గేటు పట్టుకునే ఉన్నాను. యూనా అటుపక్క తలుపు తీసి వంగి, నాన్నా, ఇల్లొచ్చింది లే అంది. సీటు వెనక్కి వాల్చుకుని పడుకున్నాడు మహానుభావుడు. దారంతా నిద్రపోయాడమ్మా, లేపబుద్ధి కాక మెల్లిగా నడిపాను అంది. ఆయన దిగి, టోపీ సర్దుకుని, గేటు పట్టుకుని నిలబడ్డ నన్ను చూసి, ఏమే, కాళ్లకి ఆ బురదేంటి అన్నాడు. ఆ మాట వింటే ప్రాణం లేచొచ్చింది, తిట్లు కూడా లేచొచ్చాయి గాని మింగాను. తరవాత ఆయన తలెత్తి చిమ్నీ చూశాడు. చాలాసేపు చూశాడు. గడప మీది పూలు చూశాడు. పూల మీద కాలు పడకుండా పెద్ద అడుగు వేసి లోపలికి వెళ్లాడు.

గడప దాటగానే వచ్చే దగ్గు కోసం ఆగాను.  రాలేదు. ఆయన స్టవ్ ముందు నిలబడ్డాడు, టోపీ చేతిలోకి తీసుకుని, చావింట్లో నిలబడ్డట్టు. యూనా నావంక చూస్తోంది, నేను ఆయన వీపువంక చూస్తున్నాను. ఆయన కళ్లు గూడు ఉన్న చోటంతా తిరిగి, పక్కనే ఖాళీగా ఉన్న బకెట్ మీద ఆగాయి. ఇంక చెప్పేదేముంది. అయినా చెప్పాను, తేదీ చూసుకోలేదని, డీలియా ఇంటికి మోశానని, ఇవాళ అదివ్వలేదని, అగ్గిపుల్లతో నేనే అంటించానని, అంతా ఒక్క ఊపిరిలో. కుర్చీలో కూర్చున్నాడు. కూర్చోగానే వచ్చే దగ్గు కూడా రాలేదు.

"నాకు ఆరేళ్లప్పుడు మొదలెట్టింది అమ్మ," అన్నాడు, మంటనే చూస్తూ. "రాత్రి లేపి, వెళ్లి చూసి రారా, ఉందా ఆరిందా అని. అప్పటి నుంచి ఒక్క రాత్రి కూడా పూర్తిగా నిద్రపోలేదే నేను."

అత్త పోయాక పడుకోవచ్చుగా అన్నాను. పోయాక ఇంకా ఎక్కువైంది, బతికుంటే తిట్టి ఊరుకునేది అన్నాడు. అని, నవ్వాడు. నవ్వితే వచ్చే దగ్గు వచ్చింది గాని చిన్నది, చెయ్యి అడ్డం పెట్టేలోపే పోయింది. ఇంతకాలం నేనేమో ఆయనకి ఆ నిప్పే ప్రాణమనుకుని నోరు మూసుకున్నాను, ఆయనేమో రాత్రీ పగలూ దానికి కాపలా కాశాడు, ఇద్దరం కలిసి చచ్చిపోయిన మనిషికి భయపడ్డాం. ఒక్క అగ్గిపుల్లతో పోయేదానికి. నా గుండెల మీంచి ఏదో దిగింది, ఎంత బరువుదో దిగాకే తెలిసింది.

ఆయన లేచి మేకు దగ్గరికి వెళ్లి పట్టకారు తీశాడు. పొయ్యి వైపు కాదు, నావైపు వచ్చాడు. చాలా ఏళ్ల కిందట వానలో తడిసి వచ్చిన పెళ్లికూతురి కోసం ఎక్కడో వెతుకుతున్నట్టు నా మొహంలోకి చూసి, రెండు చేతులతో అందించాడు.

"అమ్మ చెయ్యి పడని నిప్పు ఈ ఇంట్లో ఇదే," అన్నాడు. "ఇది నీది. పట్టుకో."

"స్టవ్ తలుపులో దూరదయ్యా అది," అన్నాను.

"దూరకపోతే పోనీ. పట్టుకో."

పట్టుకున్నాను. పిడి దగ్గర ఇనుము అరిగి నున్నగా ఉంది, ఆవిడ వేళ్లు ఎక్కడుండేవో నా వేళ్లకి తెలిసింది. యూనా దగ్గరికొచ్చి, ఏమ్మా, ఏడుస్తున్నావా అంది. లేదే, పొగ అన్నాను, నలభై ఏళ్ల అలవాటు మరి. ముగ్గురం స్టవ్ వైపు చూశాం. అద్దం వెనక మంట తన పని తాను చేసుకుంటోంది.

"పొగెక్కడుందమ్మా?" అంది యూనా.

"లేదు," అన్నాను. "ఏడుస్తున్నాను."